మా నాయన తడిపిన నురగ

తమిళనాడులోని గుడియాత్తంలో మా ఇంటి స్నానాలగదిలో వానలు మొదలయ్యాయంటే ఒక చెట్టుకప్ప మకాం పెట్టేది. మట్టిరంగు ఒళ్లు, వేళ్ల చివర గుండ్రటి గుండీలు, గుడ్లప్పగించిన కళ్లు. బకెట్టు వెనకాల గోడకు అంటుకుని, అద్దెకున్నవాళ్ల కంటే దర్జాగా కూర్చునేది. మా అమ్మ చీపురు తీసుకుని బయటికి తరిమేది. మర్నాటికి మళ్లీ అక్కడే. అమ్మకు దాన్ని చూస్తే ఒళ్లు జలదరింపు, నాకు ముద్దు, మా నాయనకు అది ఉన్నట్టే తెలియదు. పొద్దున లేస్తే కట్టడం, పొద్దుగూకితే నడుంనొప్పి, మధ్యలో ఆయనకు కప్పల్ని చూసే తీరిక ఎక్కడిది.

మా నాయన తాపీ మేస్త్రీ. మా చుట్టాల్లో ముప్పాతిక మంది ఇళ్లు కట్టే పనిలోనే ఉన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కట్టడం దగ్గర రెండూ కలిపి తిట్లు. ఆయనకు తెలుగు మాట వచ్చుగానీ అక్షరం రాదు. నాకూ వచ్చేది కాదు, చిత్తూరులో హాస్టల్లో ఉండి చదివినప్పుడు పట్టుబట్టి నేర్చుకున్నాను. కాబట్టి నేనిక్కడ రాస్తున్నది ఆయన చదవడు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మేస్త్రీగా ఆయనకు ఊళ్లో ఒక పేరుంది, ఆయన వేసిన మిద్దె కారదని. అందులో మాయేమీ లేదు, తడపడమే. స్లాబు వేసిన మర్నాడు దానిమీద సిమెంటుతో చిన్న చిన్న గట్లు కట్టి, మడిలో నిలిపినట్టు నీళ్లు నిలుపుతాడు. స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి పొద్దునా సాయంత్రం తడుపుతాడు. నీళ్లకు వెనకాడే ఇంటి యజమానితో తగువు పెట్టుకుంటాడు. చుట్టాల పెళ్లికి పోయినా చెయ్యి కడుక్కోగానే, స్లాబు ఆరిపోతుందని బస్సెక్కేస్తాడు. కొత్తగా కట్టింది పురిటిబిడ్డ లెక్క, కొన్నాళ్లు దాని ఒళ్లు ఆరనియ్యకూడదంటాడు. నన్ను కూడా పుట్టిన కొత్తలో రెండు పూటలా తడిపే ఉంటాడని మా అమ్మ ఎగతాళి చేసేది.

నేను వేలూరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పే పనిలో చేరాను. పరిశోధనకు చెట్టుకప్పల్ని ఎంచుకున్నాను. స్నానాలగదిలో చూసింది చాలక కాలేజీకి పోయి కూడా అదే చూస్తోందని అమ్మ వీధి వీధంతా చెప్పుకుంది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, కప్పల గురించి ఎవరైనా వెటకారమాడితే అస్సలు ఊరుకోను. పెళ్లిచూపులకు వచ్చిన ఒకాయన, కప్పల్ని కోస్తావా అని పళ్లికిలిస్తే, మనుషుల్ని కూడా కొయ్యడం నేర్చుకుంటున్నానని చెప్పి లోపలికి వచ్చేశాను. ఆ సంబంధం మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

గుడియాత్తానికి కాస్త దూరంలో ఒక రాతికొండ ఉండేది. చెట్లు తక్కువ, బండలు ఎక్కువ. పైన బండల మధ్య పల్లంలో వాననీళ్లు నిలిచే ఒక దోన ఉండేది. మేకలవాళ్లు తప్ప అక్కడికి ఎవరూ పోయేవాళ్లు కాదు. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ఒక సాయంత్రం ఊరికే చూద్దామని ఎక్కాను. దోన పక్క పొదలోంచి కప్పల అరుపు వినబడి నిలబడిపోయాను. మా స్నానాలగది కప్ప, చెక్కమీద సుత్తితో కొట్టినట్టు, ఆగి ఆగి టక్, టక్, టక్ మంటుంది. ఇవి ఆగడం లేదు. గబగబా ఒకే ఊపిరిలో కొట్టేసి, చివర సన్నగా సాగదీసి వదులుతున్నాయి. పట్టుకుని చూస్తే ఆకారం అదే, కాళ్లు కాస్త పొట్టి, అంతే. కొండ దిగి వస్తుంటే నాకు కాళ్లు నేలమీద ఆనలేదు.

దాని వెనక ఉన్న సంగతి చెప్పాలి, లేకపోతే నా ఏడుపు ఎవరికీ అర్థం కాదు. మనుషులు లేని ఏదో కాలంలో ఈ సీమ ఇప్పటికంటే తేమగా, చెట్లు కమ్ముకుని ఉండి ఉంటుంది. ఒకే రకం కప్ప ఆ కొండ నుంచి ఈ కొండకు తిరిగి ఉంటుంది. తరవాత మధ్యలో నేల ఎండింది. చెట్టుకప్ప చర్మం ఎండకు ఓర్చుకోలేదు, ఎండిన మైదానాన్ని అది దాటలేదు. పైన చిక్కినవి పైనే, కిందివి కిందే. అక్కడినుంచి పెళ్లిళ్లన్నీ ఎవరి గుంపులో వాళ్లకే. ప్రతి తరంలోనూ జన్యువుల్లో ఎక్కడో ఒక చిన్న మార్పు వస్తుంది. అది ఆ గుంపులోనే తిరుగుతుంది, అవతలికి చేరదు. అవతల ఇంకేదో వస్తుంది, ఇవతలికి రాదు. మా బంధువుల్లో ఉత్తరాన విజయవాడ పక్కకు పోయి స్థిరపడ్డవాళ్లు నా మాట విని, ఇదేం తెలుగమ్మా అని నవ్వుతుంటారు. కప్పల విషయంలో అది నవ్వుతో పోదు. ఎన్నో తరాలు గడిచాక ఒకనాడు కొండ మగకప్ప పిలిస్తే ఊరి ఆడకప్ప తల కూడా తిప్పదు.

కప్పల్లో పిలుపు విని ఎంచుకునేది ఆడదే. మగవాటికి ఆ వివేకం లేదు, ఏ అరుపు విన్నా పోటీకి గొంతు కలుపుతాయి, తలుపు కిర్రుమన్నా బదులు చెప్పే రకాలు. ఆడది మాత్రం తేడా చూస్తుంది. వేలూరులో నా గదిలో ఊరి ఆడకప్పలకు, ఫోన్లో రికార్డు చేసుకొచ్చిన రెండు పిలుపులూ వినిపించాను. ఊరి పిలుపుకు గెంతుకుంటూ స్పీకరు దాకా వచ్చాయి. కొండ పిలుపుకు గోడకేసి చూస్తూ కూర్చున్నాయి. ఆడది రాకపోతే కలయిక లేదు, కలయిక ఆగిపోతే అవి ఇక రెండు జాతులు. కొత్త జాతి పుట్టడమంటే అంతే.

ఇదంతా అన్నం తింటూ మా నాయనకు చెప్పాను. ఆయన నేను ఏం చెప్పినా ముద్ద చేతిలో పెట్టుకుని శ్రద్ధగా వింటాడు. రెండు అరుపులూ ఫోన్లో వినిపించాను. రెండూ ఒకటేగా అన్నాడు. మళ్లీ వినిపించాను, చెవి దగ్గర పెట్టి వినిపించాను. కప్ప కప్పే గదమ్మా అన్నాడు. పని దగ్గర గోడలో నూలుపోగంత వంకర కనిపెట్టే మనిషి, ఈ తేడా మాత్రం ఆయనకు ఎక్కలేదు. నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది.

అప్పటికే ఆ కొండను ఒక పక్కనుంచి క్వారీ తొలుస్తోంది. గుడియాత్తంలో ఇళ్లకు వాడే జల్లి, అదే కంకర, చాలామట్టుకు అక్కడిదే. మా నాయన కట్టిన ఇళ్లు ఆ కొండ ముక్కలతోనే లేచాయి, నా చదువూ వాటితోనే సాగింది. క్వారీ దోనవైపు జరుగుతోందని నేను కనబడినవాళ్లందరి దగ్గరా మొత్తుకున్నాను. ఉత్త బండను పట్టుకుని ఏం కాపాడమంటావని అడిగారు. కొత్త జాతి ఉందన్నాను. రుజువేదన్నారు. జన్యువులు చూపాలి, అన్నిటికంటే ముందు ఆ జాతి కప్ప ఒకటి సీసాలో భద్రంగా ఉండాలి. అది లేనిదే ఎవరూ పేరు పెట్టరు. ఆ కొండమీద నాకు కనబడిన కప్పలే వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. వాటిలో ఒకదాన్ని చంపడానికి నాకు చేతులు రాలేదు. ఒక జంటతో గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి, ఒకటి రెండు సీసాలో పెట్టుకుని, మిగతావాటిని క్వారీ చేరని ఇంకో దోనకు చేర్చాలనుకున్నాను. నా ఆశంతా ఇంకా పుట్టని ఆ పిల్లలమీదే ఉండేది.

వానలు పడగానే మళ్లీ కొండెక్కాను. మా నాయన కూడా వచ్చాడు. ఒక్కదానివే ఆ బండలెక్కడం ఏమిటని పైకి అన్నాడుగానీ, నేను ఇంతగా పడి చచ్చేది దేనికోసమో చూడాలని ఆయనకు ఉంది. వీపుమీద మగదాన్ని మోస్తున్న ఒక ఆడకప్ప దొరికింది. తడిగుడ్డ సంచిలో పెట్టి ఇస్తే టౌన్ బస్సులో ఆయనే ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కసీట్లో బీడీ ఆకు మూటతో కూర్చున్న ఆవిడ, సంచిలో ఏమిటని అడిగింది. మా అమ్మాయి చదువు అని అరవంలో చెప్పాడు.

మా మిద్దెమీద కొత్తగా కడుతున్న గది నీడలో ప్లాస్టిక్ తొట్టి పెట్టి, నీళ్లమీదికి వంగేటట్టు ఒక కొమ్మ కట్టి, దోమతెర కప్పాను. తెల్లారేసరికి కొమ్మమీద నురగ ఉంది. ఆడది తన ఒంట్లోంచి వచ్చే జిగటను వెనకకాళ్లతో గిలకొట్టి నురగ చేస్తుంది, గుడ్లు దాని లోపల ఉంటాయి. పైపొర గాలికి ఆరి అట్టకడుతుంది, ఆ అట్టే లోపలి తడిని కాపాడుతుంది. నాలుగైదు రోజులకు తోకలు వచ్చి కదలడం మొదలుపెట్టాక, నురగ అడుగు దానంతటదే మెత్తబడి, పిల్లలు కింది నీళ్లలోకి జారతాయి. ఎక్కడా ఎవరి సాయమూ అక్కర్లేదు. తల్లిదీ తండ్రిదీ కాలివేలి కొసలు జన్యుపరీక్షకు తీసుకున్నాను. ఆ పొద్దునే ఇద్దరం పోయి ఆ జంటను దోన దగ్గర వదిలిపెట్టి వచ్చాం.

నాకు కాలేజీలో పరీక్షల డ్యూటీ, సెలవు ఇవ్వలేమన్నారు. నురగను బస్సులో తీసుకుపోతే చెదిరిపోతుంది. మా నాయనను కూర్చోబెట్టి చెప్పాను, నురగను ముట్టుకోవద్దు, నీడ తప్పకుండా చూడు, తొట్టిలో నీళ్లు తగ్గితే పొయ్యి, అంతే. ఆయన నేను చెప్పిందంతా మళ్లీ నాకే వప్పజెప్పాడు. పని చేస్తున్నచోట ఇంకొకరిని పెట్టి ఇంట్లోనే ఉండిపోయాడు. నేను అడగకుండానే ఫోను చేసి బాగుండాదమ్మా అని చెప్పేవాడు. నేనూ వేలూరులో పరీక్ష హాల్లో తిరుగుతూ, కాపీ కొట్టేవాళ్లను కూడా సరిగా పట్టుకోలేనంత సంతోషంగా ఉన్నాను.

ఒక సాయంత్రం ఆయన గొంతు పెళ్లివారి గొంతులా ఉంది. నురగ దిగిపోయింది, పిల్లలు నీళ్లలోకి వచ్చేసినట్టుండాయి అన్నాడు. అవి దిగే వేళ ఇంకా కాలేదు.

పొద్దున మొదటి బస్సుకు వచ్చాను. మిద్దెమీద ఆ కొమ్మకు గోనెపట్టా చుట్టి ఉంది. స్తంభానికి చుట్టినట్టే, పొందిగ్గా, పురికొసతో కట్టి ఉంది. దాని అంచునుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. విప్పి చూస్తే లోపల నురగ లేదు, కొమ్మకు తెల్లటి జిగురు మరక ఉంది. తొట్టి అడుగున గుడ్లు ఉడికిన సగ్గుబియ్యంలా తెల్లబడి పడున్నాయి. వేలితో కదిపాను. నీళ్లు కదిలాయి, అవి కదల్లేదు.

మా నాయన తొట్టిలోకి చూడలేదు, నా ముఖంలోకి చూశాడు. అక్కడే ఆయనకు తెలిసిపోయింది.

"పగుళ్లు కనబడినాయమ్మా," అన్నాడు. "పైన ఎండిపోయి, ఎంట్రుక మందాన పగుళ్లు. కొత్తది తడి ఆరితే పగిలిపోతుంది గదా. చూస్తా చూస్తా ఎట్ల ఊరకుండేది?"

"అది సిమెంటు కాదు నాయనా."

"మంచినీళ్లే చల్లినాను. కట్టడం డ్రమ్ములోవి కాదమ్మా, మనం తాగే నీళ్లే. చేత్తో మెల్లగా చల్లినాను."

కోపం ముక్కుమీద ఉండే మనిషిని, ఆ రోజు వెతుక్కున్నా నాకు కోపం దొరకలేదు. దొరికితే బాగుండేది, అరిచి తేలికపడేదాన్ని. ఆయన తడిచేతులు లుంగీకి తుడుచుకుంటున్నాడు, ఆరిన తరవాత కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు. ఎట్ల చచ్చిపోయినాయని అడిగాడు. చెప్పక తప్పలేదు. పైన నీళ్లు పడేకొద్దీ నురగ కరిగిపోయిందని, తోక కూడా రాని గుడ్లు నీళ్లలో పడి మునిగి, ఊపిరాడక పోయాయని చెప్పాను. ఊపిరాడకనా అన్నాడు. అవునన్నాను. కిందికి దిగిపోయి వసారాలో కూర్చున్నాడు.

ఇంకొక జంటను తెచ్చుకుందాం లేమ్మా అని ఆయనే అన్నాడు. ఆ మధ్యాహ్నమే బయలుదేరాం. కొండ కిందికి చేరేసరికి దారి తెల్లగా ఉంది, పొదలన్నీ రాతిపొడి పూసుకుని ఉన్నాయి. దోన ఉన్న బండను ఈలోగానే పేల్చేశారు. మేము ఆ జంటను చేతులారా వదిలిపెట్టిన చోటు కంకరకుప్ప కింద ఉంది. మా నాయన రాళ్లు ఒక్కొక్కటే ఎత్తి కింద చూడటం మొదలుపెట్టాడు. ఎత్తిన రాయిని విసిరెయ్యడం లేదు, ఏదైనా నలుగుతుందేమో అన్నట్టు పక్కన మెల్లగా దించుతున్నాడు. చాలించు నాయనా అని నేను చెయ్యి పట్టి లాగేదాకా ఆపలేదు. ఆ వానాకాలమంతా, ఆ తరవాతి వానాకాలం కూడా, చుట్టుపక్కల ఉన్న ప్రతి కొండా నేను వెతికాను. ఎక్కడికి పోయినా ఊరి అరుపే వినబడింది.

వేలికొసల ఫలితం చాలా నెలలకు వచ్చింది. వేలూరులో కాలేజీ వరండాలో నిలబడి చదువుకున్నాను. ఊరి కప్పకూ కొండ కప్పకూ జన్యువుల్లో నేను అనుకున్నదానికంటే ఎక్కువ తేడా ఉంది. అవి విడిపోయి చాలా చాలా కాలమైంది. నేను చెప్పింది నిజమే. అంత దుఃఖపెట్టిన నిజం నాకు ఇంకొకటి తెలియదు. రెండు వేలికొసలకు, కొన్ని చచ్చిన గుడ్లకు, ఫోన్లో ఒక అరుపుకు ఎవరూ పేరు పెట్టరు. తయారవడానికి లెక్కలేనన్ని తరాలు పట్టినది, మా కళ్లముందు ఒక్క వారంలో లేకుండా పోయింది. వరండాలో పిల్లలు నన్ను దాటుకుని పోతూ నమస్కారం పెడుతున్నారు, నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఇంటికి పోయినప్పుడు మా నాయన అడిగాడు, వేరే జాతేనా అని. అవునన్నాను. మామూలు కప్పలే అని ఉంటే ఆయనకు ఆ పూట అన్నం సహించేదేమో. నాకు తట్టలేదు. అప్పటినుంచి ఆయన స్లాబు తడపడం తన చేత్తో చెయ్యడం మానేశాడు. పనివాళ్లకు చెప్పి దూరంగా నిలబడతాడు. ఎందుకని మా అమ్మ అడిగితే, నా చెయ్యి మంచిది కాదులే అన్నాడట. ఊళ్లో ఇన్ని మిద్దెలు కారకుండా కాపాడిన చెయ్యి అది. ఆ మాట విన్నాక నేను మూడు పూటలూ ఆయనకు ఏదో ఒకటి సర్దిచెప్పబోయాను, ఆయన సరేసరే అంటాడు, కళ్లు ఎత్తడు.

ఈ ఏడు మంచి వానలు పడ్డాయి. మా నాయనే అడిగాడు, ఆ కప్ప అరుపు ఫోన్లో ఉండాది గదా, కొండకాడికి పోయి వినిపిస్తే యాడన్నా ఒకటి మిగిలుంటే బదులు పలకదా అని. అది మా పనిలో అందరూ చేసేదే. నేనూ ఎన్నోసార్లు చేసి, ఆశ వదులుకున్నాను. కానీ కప్పల గురించి ఆయన నోరు విప్పి అడగడం అన్ని నెలల తరవాత అదే, కాదనలేకపోయాను.

పొద్దు వాలుతుండగా చేరుకున్నాం. కొండ ఉన్నచోట ఇప్పుడు గుంట, గుంటనిండా వాననీళ్లు. అంచున నిలబడి స్పీకరు పెట్టాను. కొండ కప్ప గబగబా అరిచి, చివర సన్నగా సాగదీసింది. ఆగి విన్నాం. ఏమీ లేదు. మళ్లీ పెట్టాను. మా నాయన నీళ్లవైపే చూస్తున్నాడు.

అవతలి ఒడ్డున తుమ్మపొదలోంచి ఒకటి పలికింది. టక్, టక్, టక్. ఆగి, ఆగి.

ఊరి కప్ప. గుంటలో నీళ్లు చూసుకుని వచ్చి చేరింది. నిద్రలో లేపి అడిగినా ఆ గొంతు ఏదో చెప్పగలను.

మా నాయన సిమెంటుకు కాయలు కాసిన అరచేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

"పలికిందమ్మా, ఇన్నావా? ఉండాది. అన్నీ పోలేదు. నేను అన్నిట్నీ చంపలేదమ్మా."

ఆ రెండు అరుపులూ ఒకటి కాదని చెప్పడానికే నేను ఇన్నేళ్లు చదివాను, అందరితో పోట్లాడాను. అవతలి ఒడ్డున అది మళ్లీ పలికింది. మా నాయన చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"లేదు నాయనా," అన్నాను. "నువ్వు చంపలేదు."